కనకలత కాదనదు

"ఇంకొంచెం వెనక్కి... ఇంకొంచెం... చాలు, ఆపండి!"

కనకలత చెయ్యి పైకెత్తగానే అనంతరామ్ బ్రేకు నొక్కాడు. అద్దెకు తెచ్చిన ఆ వోన్‌మొబీల్ ఏడు మీటర్ల పొడవుంది. మంచం, వంటగది, బాత్‌రూమ్ అన్నీ అందులోనే. దాని వెనక చక్రం పసుపుపచ్చ ప్లాస్టిక్ మెట్టు ఎక్కి, ఒకసారి ఊగి, నిలబడింది. ఆమె లోపలికెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు పోసి స్టవ్ పక్కన పెట్టి చూసింది. నీళ్ళు ఏ వైపుకీ ఒరగలేదు. "సరిపోయింది" అంటూ ఆ నీళ్ళు తనే తాగి సీటు మీద కూర్చుంది. బూట్లయినా విప్పకుండా, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రలోకి జారిపోయింది.

అనంతరామ్ భార్యను లేపలేదు. పొద్దున ఆరున్నరకి ఆమె రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. ఎనిమిదింటికి డార్మ్‌స్టాట్‌లో బయల్దేరారు. డ్రైవింగులో ఆయనకు కునుకు రాకూడదని దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే వచ్చింది. ఆయన కరెంటు కేబుల్ లాగి క్యాంపింగ్ వాళ్ళ స్తంభానికి తగిలించాడు. గ్యాసు తిప్పాడు. నీలం క్యానుతో ఐదుసార్లు తిరిగి నీళ్ళ ట్యాంకు నింపాడు. చెట్ల వెనక లోయిజాఖ్ నది హోరుమంటోంది. కొండల మీద మంచు ఇంకా కరుగుతున్నట్టుంది, నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా, ఆకుపచ్చగా ఉన్నాయి.

ఫోను మోగింది. రెండో మోతకే ఆమె లేచి నిలబడింది. కళ్ళు ఇంకా తెరుచుకోలేదు గానీ చెయ్యి అప్పటికే బ్యాగులో ఉంది.

"స్టేషన్ రెండు, కనకలత మాట్లాడుతున్నాను," అంది జర్మన్‌లో.

కిటికీ బయట నిలబడ్డ అనంతరామ్ నవ్వబోయి మానేశాడు.

స్టేషన్ రెండు అంటే ఆమె పనిచేసే వృద్ధుల సంరక్షణ గృహంలో రెండో అంతస్తు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే ఉంది, ఇప్పుడు ఆ అంతస్తుకి హెడ్ నర్సు. ఫోనులో ఉన్నది నర్సులందరికీ పైఅధికారి, వెండ్‌లాండ్ మేడం.

"సెలవులో విసిగిస్తున్నాను, క్షమించండి. ఇద్దరు సిక్ లీవ్ పంపారు. రేపూ ఎల్లుండీ రాత్రులకి మనిషి లేరు. మీకేమైనా వీలవుతుందేమోనని... కాకపోయినా ఫర్వాలేదు, ఊరికే అడుగుతున్నాను."

ఆ మాటలు బయటికి వినబడుతూనే ఉన్నాయి. అనంతరామ్ క్యాను కింద పెట్టాడు. మూత బిగించాడు, మళ్ళీ విప్పాడు. పోయినేడు టిరోల్ నుంచీ, అంతకు ముందేడు సముద్రం ఒడ్డు నుంచీ ఇలాగే సగంలో బండి తిప్పుకొచ్చారు.  

"నాలుగొందల కిలోమీటర్లు దాటి వచ్చేశానండీ," అంది కనకలత. ఆగింది. "ఈసారి... నా వల్ల కాదు."

"అయ్యో, తప్పకుండా! హాయిగా విశ్రాంతి తీసుకోండి. ఎవరో ఒకరు దొరుకుతారు."

ఫోను పెట్టేశాక కూడా ఆమె దాన్నే చూస్తూ ఉంది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయి వచ్చినట్టు ఉంది లోపల. అనంతరామ్ గుమ్మంలోకి తొంగి చూశాడు.

"టీ పెట్టనా?"

"పెట్టండి," అంది. బూట్లు విప్పడానికి వంగింది. పాదాలు వాచి, తాళ్ళ గుర్తులు చర్మంలోకి దిగి ఉన్నాయి.

మర్నాడు చేపలు పట్టే అనుమతి చీటీ కోసం ఊళ్ళో కొట్టుకి వెళ్ళారు. కౌంటరు వెనక ముసలాయన అనంతరామ్ వైపు చెయ్యి చాపి, "మీ లైసెన్సు?" అన్నాడు.

"లైసెన్సు ఆవిడది. నేను వంట మాత్రమే," అన్నాడు అనంతరామ్.

ముసలాయన కళ్ళజోడు సర్దుకుని ఆమె కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. చీటీ రాస్తూ, "నీళ్ళు వడిగా ఉన్నాయి, ఒడ్డు దగ్గరే వెయ్యండి," అన్నాడు. ఆపైన ఏమనుకున్నాడో, చిన్న పెట్టెలోంచి గోధుమరంగు ఫ్లై ఒకటి తీసి ఊరికే ఇచ్చాడు. గాలం చుట్టూ ఈకా, కుందేలు బొచ్చూ కలిపి కట్టిన ఉత్తుత్తి ఈగ అది. చేప నోరు చీరకుండా, గాలం కొనకి వెనక్కి తిరిగే ముల్లు లేదు.

కనకలతకి ఈ విద్య నేర్పింది పన్నెండో నంబరు గదిలో ఉండే బ్రాండ్ల్ తాత. తొంభై ఒకటో ఏడు నడుస్తోంది ఆయనకి. చక్రాల కుర్చీలో కూర్చుని, ఆశ్రమం వెనక పచ్చిక మీద ఆమె చేత గాలం రాడ్ ముందుకీ వెనక్కీ ఊపిస్తూ, "గడియారంలో పదికీ ఒంటిగంటకీ మధ్య! దాటకు, అమ్మాయ్! దాటకు!" అని అరిచేవాడు. తన రాడ్ కూడా ఆయనే ఇచ్చేశాడు, చేపల లైసెన్సు పరీక్ష పాసయ్యి కార్డు తెచ్చుకోవాలన్న షరతు మీద. ఆమె డ్యూటీల మధ్య చదివి పాసయ్యింది. అయినా ఈ రెండేళ్ళలో నిజం నదిలో నిలబడింది నాలుగుసార్లే.

నడుం దాకా వచ్చే రబ్బరు ప్యాంటు వేసుకుని నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా వచ్చేసరికి ఆగిపోయింది. చలి రబ్బరు దాటి ఎముకకి తగిలింది. ఆ తరవాత నీటి ఒరవడి పిక్కల మీద మెత్తగా అదుముతుంటే ఎవరో కాళ్ళు పడుతున్నట్టు అనిపించింది. కాసేపు రాడ్ ఎత్తకుండా అలాగే నిలబడింది. తన కాళ్ళు ఎవరైనా పట్టి ఎన్నాళ్ళయిందో.

ఆ రోజు చేప పడలేదు. లైను వెనక్కి వెళ్ళినప్పుడల్లా చెట్టుకు తగులుకునేది. రెండు ఫ్లైలు పోయాయి. మధ్యాహ్నం క్యాంపింగ్ కుర్చీలో పడుకుంటే సాయంత్రం దాకా మెలకువ రాలేదు. లేచి, "అందరికీ మందులు ఇచ్చేశారా?" అంది. అనంతరామ్ ఉల్లిపాయలు తరుగుతూ, "ఇచ్చేశారు, పడుకో," అన్నాడు.

బుధవారం పొద్దున అక్కడి నుంచి బయల్దేరి, కొండ దాటి ఈజార్ నది ఎగువన ఇంకో క్యాంపింగ్‌కి వచ్చారు. ఇక్కడ నది వెడల్పు. తెల్లటి గులకరాళ్ళ మధ్య మూడు నాలుగు పాయలుగా విడిపోయి, మళ్ళీ కలుస్తూ పోతోంది. ఒడ్డున మనుషుల్లేరు. కనకలత సన్నటి పాయ ఒకటి చూసుకుని దిగింది. పెద్ద బండరాయి వెనక నీరు నల్లగా నెమ్మదించే చోట ముసలాయన ఇచ్చిన ఫ్లై వేసింది. అది తేలుతూ వచ్చింది. మళ్ళీ వేసింది. పదోసారో పన్నెండోసారో, నీళ్ళ మీద చిన్న బుడగ పేలినట్టయింది. చేతిలో రాడ్ ప్రాణమొచ్చినట్టు వంగింది.

"ఏమండీ!" అని కేక పెట్టింది. చుట్టూ కొండల్లో అది మారుమోగింది.

అనంతరామ్ వల పట్టుకుని, ప్యాంటు మడిచి, రాళ్ళ మీద జారుతూ పరిగెత్తాడు. ఆమె లైను కొంచెం వదిలింది, కొంచెం లాగింది. వదిలింది, లాగింది. చివరికి చేప వల్లోకి వచ్చింది. బంగారురంగు ఒళ్ళు, దాని మీద ఎర్ర చుక్కలు. ట్రౌట్. ఆమె టేపుతో కొలిచింది. ఉంచుకోదగ్గ కొలతే. చిన్న కర్రతో తల మీద ఒక్క దెబ్బ, సూటిగా వేసింది.  పట్టిన చేప వివరాలు రాసే చీటీ మీద పెన్సిల్‌తో సమయం రాసి, దాని మీదే కళ్ళు నిలిపింది.

"ఏమిటి చూస్తున్నావు?"

"ఎవరిదో బి.పి. రాస్తున్నట్టు రాశాను," అని నవ్వింది. అనంతరామ్ ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

ఆ మధ్యాహ్నం ఆయన ఆ చేప వేసి చింతపండు పులుసు కాచాడు. తెనాలిలో వాళ్ళమ్మ పెట్టినట్టు ఆవాలూ మెంతులూ వేయించి పొడి కొట్టాడు. పక్క బండి వాళ్ళు కిటికీ మూసుకున్నారు. కనకలత రెండోసారి అన్నం పెట్టుకుంది. తిని, చెయ్యి కడుక్కుని, ఫోను తీసి చూసింది. వెండ్‌లాండ్ దగ్గర్నుంచి ఏమీ లేదు. "చూశారా, ఎవరో దొరికారు. నేను లేకపోతే కొంపలేం మునగవు," అంది. ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టు ఉంది.

గురువారం పది గంటలకి ఆమె రబ్బరు ప్యాంటు వేసుకుంటుండగా ఫోను వచ్చింది. ఈషా. జగిత్యాల నుంచి వచ్చిన నర్సు, ఇరవై ఐదేళ్ళ పిల్ల. నాలుగు నెలల క్రితమే కనకలత కింద చేరింది.

"ఆంటీ, డిస్టర్బ్ చేస్తున్ననా?"

"లేదమ్మా, చెప్పు. ఇంట్లో ఉన్నావా?"

"లే ఆంటీ, డ్యూటీల ఉన్న. రాత్రి డ్యూటీ అయిపోయింది గానీ పొద్దున షిఫ్టుకి మనిషి రాలే. పన్నెండింటి దాక ఉండుమన్నరు."

"రాత్రి నువ్వు చేశావా?"

"నిన్నా, మొన్నా నేనే. రెండు ఫ్లోర్లు."

కనకలత ఒక కాలు రబ్బరు ప్యాంటులో, ఒక కాలు బయట, అలాగే మెట్టు మీద కూర్చుంది.

"రెండూనా? ఒక్కదానివే?"

అవతల ఊపిరి వినిపించింది. తరవాత ఈషా ఒక్కసారిగా చెప్పేసింది. "బ్రాండ్ల్ తాత పడ్డడు ఆంటీ. నేను పైన ఉన్న. మూడో అంతస్తుల ఒకామెకు ఊపిరి అందుతలేదని ఆక్సిజన్ పెడుతున్న. తాత బెల్లు కొట్టిండో లేదో వినపడలే. కిందికి వచ్చేసరికి నేల మీద ఉన్నడు. ఎంతసేపటి నుంచి ఉన్నడో తెల్వదు. తుంటి ఎముక విరిగిందన్నరు. స్ట్రెచర్ మీద పెడుతుంటె నా చెయ్యి పట్టుకొని, 'కనకలత చేప పట్టిందా' అని అడిగిండు."

కనకలత కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు ఒక కాయితం తయారు చేసిన్రు. నేను రాత్రి రెండింటి రౌండు సరిగ్గ చెయ్యలేదని. పన్నెండింటికి వచ్చి సంతకం పెట్టుమంటున్నరు."

"రౌండు చేశావా?"

"సగం చేసిన. పైనుంచి బెల్లు మోగింది, ఉరికిన. రెండు దిక్కుల ఎట్ల ఉంట ఆంటీ?"

"ఒక్కదాన్నే రెండు ఫ్లోర్లు చూడలేనని ముందే చెప్పాల్సింది కదమ్మా!"

 ఎక్కడో తలుపు వేసిన చప్పుడైంది. ఈషా గొంతు తగ్గించి అంది: "చెప్పిన. మంగళవారమే చెప్పిన. మేడం ఏమన్నదంటే... మీరు ఏమనుకోవద్దు."

"చెప్పు."

"'కనకలత కాదనదు. ఇరవై ఆరేళ్ళల్ల ఒక్కసారి గూడ కాదనలే. రెండు ఫ్లోర్లు ఎన్నోసార్లు ఒక్కతే చూసుకుంది. నువ్వూ ఆమె దేశం పిల్లవే గదా' అన్నది. నాకు ఇంక రెండు నెలల ప్రొబేషన్ ఉంది ఆంటీ. ఏం మాట్లాడాలె?"

 ఆ వాక్యం కనకలతకి కొత్తది కాదు. క్రిస్మస్ పార్టీలో పూలగుత్తి చేతికిచ్చి, వెండ్‌లాండ్ అందరి ముందూ అదే అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పూలు వాడిపోయినా వారం దాకా పారెయ్యలేదు తను.

"సంతకం పెట్టకు," అంది చివరికి. "చదువుకోవడానికి రెండ్రోజులు టైం కావాలని అడుగు. అలా అడిగే హక్కు నీకుంది. నేను మళ్ళీ చేస్తాను."

తల ఎత్తేసరికి అనంతరామ్ కుర్చీలు మడిచేశాడు. టేబులు లోపల పెట్టేశాడు. కేబుల్ స్తంభం నుంచి ఊడదీసి మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టుకుంటున్నాడు. ముఖంలో కోపం లేదు. అలవాటైన పని చేస్తున్న మనిషిలా ఉన్నాడు.

"సాయంత్రానికి చేరిపోతాం. నువ్వు వెనకాల పడుకో," అన్నాడు.

"కేబుల్ ఎందుకు తీశారు? మళ్ళీ పెట్టండి. లాప్‌టాప్‌లో ఛార్జి లేదు."

ఆయనకి అర్థం కాలేదు. "వెళ్ళట్లేదా?"

"వెళ్తే ఏమవుతుంది? ఇవాళ్టి రాత్రి నేను చేస్తాను. శుక్రవారం చేస్తాను. ఆవిడ పూలగుత్తి ఇస్తుంది. ఇంకో నెలకి మళ్ళీ ఆ పిల్ల మెడ మీద నా పేరు పెట్టి నొక్కుతుంది." రబ్బరు ప్యాంటులోంచి కాలు బయటికి లాగింది. "ఇన్నాళ్ళూ మనిషి లేని చోటల్లా నేను వెళ్ళి నిలబడ్డాను కాబట్టి, మనిషి లేడన్న సంగతే పైన ఎవరికీ తెలీలేదు."

పని మితిమీరి రోగులకి ప్రమాదం అనిపించినప్పుడు నర్సులు నింపి ఇవ్వాల్సిన ఫారం ఒకటుంది. ఎక్కడుందో కనకలతకి బాగా తెలుసు. పోయినేడు ఒక నర్సు దాన్ని నింపి తెచ్చి ఆమె టేబులు మీద పెట్టింది. "ఎందుకమ్మా ఇదంతా, రేపు నేనొస్తాలే," అని తనే దాన్ని వెనక్కి ఇచ్చేసింది. ఇప్పుడు అదే ఫారం తెరిచి రాయడం మొదలుపెట్టింది. మంగళవారం, బుధవారం. రెండు అంతస్తులు. ముప్ఫై ఎనిమిది మంది. ఒక్క నర్సు. తరవాత కింద, 'ఇతర వివరాలు' అన్న చోట చాలాసేపు ఆగింది. ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ రాసింది: 'ఇలాంటి ఖాళీలు ఏళ్ళ తరబడి ఉన్నాయి. నా సెలవు రోజుల్లో నేనే వచ్చి వాటిని పూడ్చాను. ఎక్కడా నమోదు చేయలేదు, చేయబోయిన వాళ్ళని ఆపాను. హెడ్ నర్సుగా అది నా తప్పు. నిన్న రాత్రి జరిగినదానికి డ్యూటీలో ఉన్న నర్సు కారణం కాదు.'

స్క్రీను మీద ఎండ పడుతోంది. అనంతరామ్ గొడుగు తెచ్చి ఆమె తల మీదుగా వంచి నిలబెట్టాడు. చదివాడు.

"ఇంకా పదకొండేళ్ళుంది నీకు రిటైర్‌మెంటుకి," అన్నాడు.

"తెలుసు."

 గొడుగు నీడ జరిగితే దాంతోపాటు అనంతరామ్ కూడా జరుగుతూ వచ్చాడు.

పంపే ముందు ఈషాకి ఫోను చేసి చదివి వినిపించింది. కృతజ్ఞత వస్తుందనుకోలేదు గానీ, అంత కోపం వస్తుందనీ అనుకోలేదు.

"డ్యూటీలో ఉన్న నర్సు అంటె నేనే గదా ఆంటీ! అందరికి తెలుస్తది. ఎవరు రాయమన్నరు మిమ్మల్ని? నా ఉద్యోగం పోతే వీసా పోతది. మీకేం, మీకు ఈ దేశం పాస్‌పోర్టు ఉంది. మీరు అక్కడ చేపలు పడుతున్నరు."

"నిజమే," అంది కనకలత.  "నేను రానని చెప్తే ఆ బరువు ఎవరి మీద పడుతుందో నేను అడగలేదు. అడగాల్సింది. అందుకే నా పేరుతో పంపుతున్నాను. వాళ్ళు అడగాల్సింది నన్ను."

ఈషా ఫోను పెట్టేసింది.

కనకలత రిసెప్షన్ దగ్గర సిగ్నల్ బాగా ఉన్న చోటికి లాప్‌టాప్ పట్టుకుని నడిచివెళ్ళి ఆ ఫారం మెయిల్ చేసింది. యాజమాన్యానికి ఒకటి, వృద్ధాశ్రమాల్ని తనిఖీ చేసే ప్రభుత్వ ఆఫీసుకి ఒకటి. సమయం పదకొండు నలభై.

పదిహేను నిమిషాలకి వెండ్‌లాండ్ ఫోను వచ్చింది. "మీ దగ్గర్నుంచి ఇది నేను ఊహించలేదు," అంది. గొంతులో మర్యాద మారలేదు. "లోపల మాట్లాడుకుంటే సరిపోయేది. ఆ రెండో కాపీ ఇంకా వెళ్ళలేదు కదా?"

"వెళ్ళిపోయిందండీ."

 "మీరు అలసిపోయి ఉన్నారు."

"అవును," అంది కనకలత. "చాలా."

"పద్నాలుగో తారీకు తొమ్మిదింటికి మా ఆఫీసుకి రండి. ఉద్యోగుల సంఘం తరఫున ఎవరినైనా తోడు తెచ్చుకోవచ్చు."

"వస్తాను. ఈషా సంతకం సంగతి?"

"ఆ కాగితం ప్రస్తుతానికి పక్కన పెట్టాం. ఆమెని ఇంటికి పంపేశాను. ఇవాళ్టి రాత్రికి ఏజెన్సీ నుంచి ఇద్దరు వస్తున్నారు." ఒక్క క్షణం ఆగి అంది, "మీరు ఒక్క మాట అని ఉంటే వాళ్ళని ముందే పిలిచేదాన్ని."

 కనకలత ఫోను పెట్టేసి వెనక్కి నడిచింది. అనంతరామ్ కుర్చీలు మళ్ళీ విప్పి వేశాడు. ఏమైందన్నట్టు చూశాడు.

"టెర్మిన్ ఇచ్చారు, పద్నాలుగున రమ్మన్నారు," అంది. కూర్చుంది. 

పన్నెండున్నరకి మళ్ళీ ఈషా.

"ట్రాముల ఉన్న ఆంటీ. ఇంటికి పోతున్న."

"తిన్నావా?"

"పోయి తింట." కాసేపు చక్రాల మోత. "మీ మీద కోపమొచ్చింది."

"రానీ."

"ఇంకా ఉంది."

"ఉండనీ."

"తాతకి రేపు ఆపరేషనంట. మంచిగనే ఉన్నడంట." మాట ముద్దగా వస్తోంది. "ఆంటీ, ఫోను పెట్టకుండ్రి. పెడితే... నిద్ర వస్తది నాకు. గ్రీస్‌హైమ్‌ల దిగాలె. పోయినసారి ఆఖరు దాక పోయిన."

"పెట్టను. ఏ స్టాపు?"

"వాగన్‌హాలె," అంది ఈషా. ఆ తరవాత మాట లేదు. సన్నగా, ఒక పద్ధతిలో వచ్చే ఊపిరి మాత్రం వినిపించింది. గదుల తలుపుల దగ్గర నిలబడి ఏళ్ళ తరబడి ఊపిర్లు విన్న చెవులు అవి. నిద్రపోయిందని కనకలతకి వెంటనే తెలిసింది.

అనంతరామ్ ఏదో అడగబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. రెండో చెవి మూసుకుంది, నది చప్పుడు అడ్డురాకుండా. అక్కడ, నాలుగొందల కిలోమీటర్ల అవతల, తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. రికార్డు గొంతు స్టాపుల పేర్లు చెబుతోంది. వాల్డ్‌ఫ్రీడ్‌హోఫ్. కనకలత ముందుకి వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, ఒక్కొక్క పేరూ వింటోంది. ఇంకోటి. ఇంకోటి. పెట్టి ఉంచిన టీ చల్లారిపోయింది.

"వాగన్‌హాలె," అంది రికార్డు గొంతు.

"ఈషా!" కనకలత గట్టిగా పిలిచింది. పక్క బండి వాళ్ళు తల తిప్పి చూశారు. "ఈషా, లేమ్మా! నీ స్టాపొచ్చింది. బ్యాగు తీసుకో. దిగు, దిగు!"

ఏదో కిందపడింది. అడుగులు. తలుపుల గంట. తరవాత ట్రాము కదిలి దూరమైపోతున్న మోత, దాని వెనక వీధిలో గాలి.

"దిగిన ఆంటీ," అంది ఈషా.